మెమరీ ఎక్కియ్యకుండ్రి, మొత్తుకుంటున్న!

మెల్లగ నడిచే కంప్యూటర్‌ను మించిన అదృష్టం మనిషికి ఇంకోటి లేదు. ఉన్నదంటే రుజువు చెయ్యుండ్రి, ఈ కాలమ్ రాసుడే బంద్ పెడత!

నవ్వకుండ్రి. సీరియస్‌గనే చెప్తున్న. మా ఇంట్ల ఒక కంప్యూటర్ ఉన్నది. తెలంగాణ రాకముందు కొన్నది. రాష్ట్రం వచ్చింది, మా నల్గొండ జిల్లా మూడు ముక్కలైంది, చౌటుప్పల్ కాడ రోడ్డు పొంటి చేన్లన్నీ ప్లాట్లైనయ్. మా కంప్యూటర్ మాత్రం ఇంకా లోడ్ అయితనే ఉన్నది. గింత నిలకడ ఏ మనిషికి ఉన్నదో మీరే చెప్పుండ్రి.

పొద్దున లేచి బటన్ నొక్కి, తానం చేసి, ఉప్మా తిని, పక్కింటోళ్ళ పంచాయితి మొత్తం విని వచ్చినా తెర మీద ఇసుక గడియారం నాకోసం తిరుగుతనే ఉంటది. నిదానంగ ఉండుండ్రి, బీపీ పెరగనియ్యకుండ్రి అని దవాఖానల డాక్టర్ ఫీజు తీస్కొని చెప్తడు. నా కంప్యూటర్ గదే మాట ముఫత్‌ల నేర్పుతది!

ఇంగ ఆన్‌లైన్ సేల్ అంటరా? సగం ధరకు మిక్సీ అని బొమ్మ వస్తది. నేను దాని మీద నొక్కి, అది తెరుచుకునేసరికి సేల్ అయిపోయి పండుగ కూడ దాటిపోతది. ఇల్లు నిలబడ్డదా లేదా? వైరస్ కూడ ఓసారి మా కంప్యూటర్లకు వచ్చినట్టున్నది. తలుపు తెరుచుకునేదాక ఆగలేక వాపస్ పోయి ఉంటది.

కానీ అన్నిటికన్న పెద్ద లాభం ఒక్క మాట. "జర ఆగు, లోడ్ అయితాంది."

ఆహా, ఏం మాట! ఎడిటర్ ఫోన్ చేసి వ్యాసమేదన్నా అంటే, జర ఆగు, లోడ్ అయితాంది. మా అమ్మ నర్సింగమ్మ కరెంటు బిల్లు కట్టు కొడుకా అంటే, జర ఆగమ్మా, లోడ్ అయితాంది. మా ఇంటామె వసంతలక్ష్మి తలుపు కాడ నిలబడి, "ఓ గంట నాకియ్యరాదయ్యా" అంటే, జర ఆగే, లోడ్ అయితాంది. ఆ టైంల తెర మీద పేకముక్కలు పరుచుకొని ఉంటయ్, అది వేరే సంగతి. పేకాటకు మెమరీతో అక్కెర లేదు.

గిసొంటి బంగారు కాలాన్ని నా చేతులతోని నేనే నాశనం చేసుకున్న. ఎట్లనో వినుండ్రి, మీరన్నా బాగుపడతరు.

మా వసంతలక్ష్మి చౌటుప్పల్ పక్కన మగ్గాల ఇంట్ల పుట్టింది. చిటికి చీరె డిజైన్లు గీస్తది. చిటికి అంటే, నేసుడుకు ముందుగాలనే దారాన్ని సైకిల్ ట్యూబు పట్టీలతోని ముడులు కట్టి రంగుల ముంచుతరు. ఏ పోగు కాడ ఏ ముడి పడాల్నో గళ్ళు గళ్ళుగ గీసిన బొమ్మ చూసే కట్టాలె. ఒక్క గడి తప్పితే చీరె మీద నెమలికి రెండు తలకాయలొస్తయ్. ఇదివరకు ఆ గళ్ళు కాయితం మీద గీసేది. ఇప్పుడు చేనేత సొసైటోళ్ళు కంప్యూటర్ల గీసి పంపుమంటున్నరు.

ఆమె తమ్ముడు పరశురాములు మగ్గం వానకాలం నుంచి ఖాళీ. దసరా తెల్లారి వరకు కొత్త డిజైన్ పంపితే, నచ్చిందంటే చలికాలమంత పని ఇస్తమని సొసైటోళ్ళన్నరు. నచ్చకపోతే మగ్గం విప్పి అటకెక్కించి, మందుల ఫ్యాక్టరీ గేటు కాడ కూలికి నిలబడుడే. ఇద్దరు అన్నలు ఆల్రెడీ అక్కడ్నే నిలబడ్డరు. పరశురాములుకు మగ్గం తప్ప ఇంకో పని రాదు, రావాలని కూడ లేదు.

అందుకని వసంతలక్ష్మి చీరె అంచుకు చిలుకల వరుస మొదలుపెట్టింది. చిలుక ముక్కు మీద ఎరుపు నొక్కి, పోయి అన్నం వండుకొచ్చేది. వచ్చి చూస్తే ముక్కుకు పడాల్సిన రంగు తోకకు పడి ఉండేది. మళ్ళ చెరుపుడు, మళ్ళ నొక్కుడు, మళ్ళ వంటింట్లకు పోవుడు.

"కొత్తది కొందమా?" అని ఒకరోజు అడగనే అడిగింది.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "పాతదానికేం రోగం? మెమరీ ఎక్కిస్త. సస్తగ అయిపోతది. నువ్వు ఫికర్ చెయ్యకు!" అన్న. ఆ నోరు అప్పుడే పడిపోతే ఎంత బాగుండు!

బస్టాండ్ కాడ కంప్యూటర్లు బాగుచేసే లియాఖత్ అలీ దగ్గరికి పోయిన. ఆయన డబ్బాలకెల్లి ఒక పాత మెమరీ ముక్క తీసి మా కంప్యూటర్‌కు సరిపోయేదే ఇచ్చిండు. వేలెడంత పచ్చ రేకు, కింద దువ్వెన పళ్ళ లెక్క బంగారు రంగు గీతలు. "నేనొచ్చి పెట్టాల్నా అన్నా?" అన్నడు. మనమేమన్నా తక్కువోళ్ళమా? వీడియో చూసిన, నేనే పెడత అన్న.

పెట్టెటందుకు మంచిరోజు చూసిన. దసరా! మగ్గాల ఇండ్లల్ల ఆ రోజు మగ్గానికి పూజ. మా ఇంట్ల మగ్గం లేదు కాబట్టి కుట్టుమిషను, బండి, కత్తిపీట, ఈసారి కంప్యూటర్ కూడ వరుసల కూసున్నయ్. నేను మూత విప్పుతుంటే అమ్మ, "కొత్త సామాను గదా కొడుకా, జర బొట్టు పెట్టు" అన్నది.

ఆమె అన్నది కంప్యూటర్ డబ్బాకు పెట్టుమని. నాకు తెలివెక్కువ గదా! పని చేసేది లోపలి ముక్క, బొట్టు డబ్బాకెందుకు? పసుపు కుంకుమ నీళ్ళల్ల చిక్కగ కలిపి, ఆ బంగారు గీతలకు ఒక్కొక్కదానికి వరుసగ అద్దిన. పెండ్లిపిల్లకు కూడ అంత ఓపికగ పెట్టరు. హారతిచ్చిన. స్లాట్‌ల పెట్టి నొక్కిన. బటన్ వేసిన.

కీక్! కీక్! కీక్! తెర నల్లగ. ఇసుక గడియారం కూడ లేదు.

వసంతలక్ష్మి తిడితే బాగుండు. తిట్టలే. "చిలుకలన్నీ అండ్లనే ఉన్నయ్ గదా?" అన్నది. నాకు పానం చివుక్కుమన్నది. రేపే పంపాలె. తమ్ముని ముఖం ఎట్ల చూస్తది?

పండుగనాడు లియాఖత్ అలీకి ఫోన్ కొట్టిన. సంగతి విని పడి పడి నవ్విండు. "ప్రతి దసరాకు నాకు గివే కేసులన్నా! ఓసారి ఒకాయన ప్రింటర్ ముందట కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు తీర్థమని దాంట్లెనే పోసిండు. నయం, మీరు గంతదాక పోలే. చిలుకలు ఎటూ పోవు, ఫైళ్ళుండే జాగా వేరే. ముక్క తీసి రబ్బరుతోని రుద్దుండ్రి. మంచిగ ఆరినంకనే పెట్టుండ్రి."

నేను చెయ్యి పెట్టబోతే వసంతలక్ష్మి నా చెయ్యి పక్కకు నూకింది. పోగు పోగు విడదీసిన చేతులు గదా, ఒక్కో గీతను రబ్బరుతోని రుద్ది, స్లాట్‌ను పాత పండ్ల బ్రష్షుతోని దులిపి, ఎండల ఆరబెట్టి, టక్కుమనేదాక నొక్కింది. బటన్ వేసింది.

లేచింది సారూ! నేను కుర్చీ జరుపుకునేలోపట లేచింది. ముక్కు మీద ఎరుపు నొక్కితే ముక్కు మీదనే పడ్డది. ఆమె కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్, అబద్ధమెందుకు, నాకూ తిరిగినయ్. అమ్మ మాత్రం, "చూసినవా, బొట్టు మహిమ!" అని లోపలికి పోయింది.

డిజైన్ తెల్లారే పోయింది, నచ్చింది. పరశురాములు ఫోన్ చేసి, "బావా, మగ్గం మీద నూలు ఎక్కింది. నువ్వు మెమరీ ఎక్కిచ్చినవంట గదా, సల్లగుండాలె" అన్నడు. ఆ పొగడ్త మొత్తం సిగ్గు లేకుండ నేనే తీసుకున్న. ఊరంత చెప్పుకున్న. అక్కడ్నే కొంప మునిగింది!

ఎడిటర్ చెవిన పడ్డది. "కంప్యూటర్ బాగయిందంట గదన్నా, ఇంగ వ్యాసమేది?" అన్నడు. ఏం చెప్పాలె? ఇన్నేండ్లు ఆ ఇసుక గడియారం ఎనుక ఒక పెద్ద రచయిత ఇరుక్కున్నడని అందరూ అనుకున్నరు. నేనూ అనుకున్న. గడియారం పోయింది. ఎనుక చూస్తే ఎవ్వడూ లేడు!

పైంగ ఇప్పుడు ఇంకో ఇద్దరు మగ్గాలోళ్ళు ఆమెను డిజైన్లు అడుగుతున్నరు. కుర్చీ ఆమెది, తెర ఆమెది. ఈ కాలమ్ నేను వంటింట్ల బియ్యం డబ్బా మీద పాత క్యాలెండర్ కాయితం పరుచుకొని పెన్నుతోని రాస్తున్న. అందుకే మొత్తుకుంటున్న, మెమరీ ఎక్కియ్యకుండ్రి!

పొద్దున ఇగ ఆగలేక తలుపు కాడికి పోయిన. "ఓ గంట నాకియ్యరాదే" అన్న.

ఆమె ఎనుకకు తిరగలే. "జర ఆగయ్యా, లోడ్ అయితాంది" అన్నది.

మెడ సాపి చూసిన. తెర మీద పేకముక్కలు పరుచుకొని ఉన్నయ్.