ప్రేమ్‌చంద్ గారి ఉమ్మి

ఆ మంగళవారం ప్రేమ్‌చంద్, షాలోమి వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. లేవగానే, మంచినీళ్లు కూడా ముట్టకుండా, చెరొక గొట్టంలో ఉమ్మాలి. మూత బిగించి, పేర్లున్న స్టిక్కర్లు అంటించి డబ్బాలో పెట్టాలి. మధ్యాహ్నం కొరియర్ వస్తే ప్రేమ్‌చంద్ తల్లి రిబ్కమ్మ ఇచ్చేస్తుంది. పుట్టబోయే పిల్లలకు వంశంలోని జబ్బులు వచ్చే ప్రమాదం ఉందో లేదో జన్యు పరీక్షలు చేసే కంపెనీవాళ్లు చూసి చెబుతారు.

ఇద్దరిదీ మేనరికం. షాలోమి చిన్నాన్న కొడుకుదీ మేనరికమే. వాళ్ల బాబుకి తలసీమియా, నెలనెలా విజయవాడ తీసుకెళ్లి రక్తం ఎక్కిస్తున్నారు. ఆ పిల్లాణ్ణి చూసొచ్చిన రోజే షాలోమి తేల్చి చెప్పింది, రిజల్ట్ వచ్చేదాకా పిల్లల మాట ఎత్తొద్దని. ఈ సంగతి అత్తగారు రిబ్కమ్మకు చెప్పే ధైర్యం మాత్రం ఇద్దరికీ లేదు. అన్న కూతుర్ని పట్టుబట్టి కోడలిగా తెచ్చుకున్న మనిషి ఆమె. పుట్టింటి రక్తాన్ని అనుమానించారంటే అన్నం మానేస్తుంది.

అందుకని చెప్పలేదు. రిబ్కమ్మ కిటికీలోంచి చూసింది.

పరగడుపున గొట్టంలో ఉమ్మారంటే ఆగిరిపల్లిలో దానికి ఒకటే అర్థం, టీబీ. పైగా మామిడి తోటకు మందు కొట్టించినప్పటి నుంచి ప్రేమ్‌చంద్‌కు దగ్గు. కొడుకూ కోడలూ గుమ్మం దాటగానే రిబ్కమ్మ పాస్టర్ గారి భార్య దయామణికి ఫోన్ చేసింది.

"అమ్మగారూ, ఒక బిడ్డ కోసం ప్రార్థన చెయ్యాలండి. పేరు అడగొద్దు. ఊపిరితిత్తులు. తోటలు కౌలుకి చేస్తాడు, మేనమామ కూతుర్నే చేసుకున్నాడు, ఎర్ర బండి."

"పేరొద్దులే రిబ్కమ్మ గారూ. ప్రభువుకి తెలుసు."

ప్రభువుతోపాటు సంఘం వాట్సాప్ గ్రూపుకూ తెలిసింది. పొద్దెక్కేసరికి కాయ కోసే కూలీలు చెట్లు దిగి వెళ్లిపోయారు. ఆశా కార్యకర్త మాస్కు కట్టుకుని తోటకే వచ్చింది.

"ఉమ్మి ఇస్తారా అండీ?"

"పొద్దున్నే ఇచ్చేశాను," అన్నాడు ప్రేమ్‌చంద్. అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి తల్లి మీద పడ్డాడు.

"నాకు టీబీ అని ఎవరు చెప్పారమ్మా?"

"నేను నీ పేరే ఎత్తలేదురా."

"బండి రంగు చెప్పావంట గదా."

"రంగు చెబితే పేరు చెప్పినట్టా?"

"అసలు అది టీబీ టెస్టే కాదు."

"మరేంటి?"

ప్రేమ్‌చంద్ షాలోమి వైపు చూశాడు. షాలోమి గోడ వైపు చూసింది. "ఏదో జనరల్ టెస్టులే," అని దగ్గాడు. ఆ దగ్గుతో రిబ్కమ్మకు మిగిలిన కాస్త ఆశా పోయింది.

కొన్ని వారాలకు, దయామణి ఇంటికొచ్చి ప్రార్థన చేస్తుండగా, కంపెనీలో రిజల్ట్ వివరించే కౌన్సిలర్ శారద ఫోన్ చేసింది. టీబీ గొడవ అందరి ముందే తేలిపోవాలని ప్రేమ్‌చంద్ స్పీకర్ పెట్టాడు.

"ప్రేమ్‌చంద్ గారూ, మీ శాంపిల్ ఆడవాళ్లదని వస్తోందండి."

దయామణి ప్రార్థన ఆపి కళ్లు తెరిచింది.

"పైగా షాలోమి గారికి మీరు మేనత్త వరస అయ్యేట్టున్నారు."

అందరూ రిబ్కమ్మ వైపు తిరిగారు.

"వీడి ఉమ్మి పోతే టీబీ అని ముద్ర వేస్తారని పారబోసి, ఆ గొట్టంలో నేనే ఉమ్మి పంపాను. తల్లిని, ఆ మాత్రం చెయ్యనా?"

ఇక దాచి లాభం లేక షాలోమి అసలు సంగతి చెప్పేసింది. రిబ్కమ్మ ముఖం ఎర్రబడింది. "మా పుట్టింటి రక్తానికి ఏమైందే?"

"అత్తగారి శాంపిల్‌లో తలసీమియా లక్షణం ఉందండి," అంది శారద. "ఆవిడకి జబ్బు లేదు, పిల్లలకి మాత్రం ఆ లక్షణం వెళ్లొచ్చు. షాలోమి గారికి అదీ లేదు. భార్యాభర్తల్లో ఒకరికి లేకపోతే పిల్లలకి ఆ జబ్బు భయం దాదాపు ఉండదు."

షాలోమి చాలా నెలల తర్వాత నవ్వింది.

"అయితే ఇంకెందుకే ఆలస్యం?" అంది రిబ్కమ్మ, నేరం తనది కానట్టు.

"మిగతా జబ్బుల కోసం మీరూ శాంపిల్ పంపండి మేడమ్... సారీ, సర్," అంది శారద.

ప్రేమ్‌చంద్ ఇక ఏ గొట్టమూ ముట్టనని, డాక్టర్ దగ్గరికే వెళ్లి రక్తం ఇచ్చాడు. అంతా బాగానే ఉందన్నారు. మళ్లీ చెట్లు పిందె వేసేసరికి షాలోమికి పాప పుట్టింది. కంపెనీ రికార్డును మాత్రం ఎవరూ దిద్దించలేదు. దాని ప్రకారం ఆ పాప తండ్రి వాళ్ల నాయనమ్మే.