కర్రకి నాలుగు

ఆ ఆదివారం పొద్దున్న అల్లుడి ప్రణాళికలో మెలికలేం లేవు. ఎనిమిదింటికి మైదానానికి వెళ్ళడం, పదింటికి గుర్రమెక్కడం, అలవాటు ప్రకారం ఓ నాలుగైదు కర్రలు పడగొట్టడం, భోజనం వేళకి ఇంటికొచ్చి నడుం వాల్చడం. గుర్రాన్ని అడ్డుకర్రల మీంచి దూకించే పోటీల్లో అతను పద్దెనిమిదేళ్ళ నుంచీ రౌతు. అతని గుర్రాలు నేలకి దించిన కర్రలన్నీ పోగేస్తే ఓ పెద్ద పందిరి వేయొచ్చు. ఇంట్లో ఉన్న కప్పులు మాత్రం కాఫీ తాగేవే.

ఇలాంటి ఘనుడికి గుర్రం ఎవరిస్తారు? మూడేళ్ళ కిందట పిల్లనిచ్చిన మామగారే, పిల్లతోపాటు ఇచ్చారు. ఆయనది ట్యుటోరియల్ కాలేజీ. ముప్ఫై ఏళ్ళుగా మార్కులు తప్ప మరో ప్రపంచం ఎరగని మనిషి. గుర్రం కొన్నారు గానీ పోటీకి ఒక్కసారీ వచ్చిన పాపాన పోలేదు. మొదటి పోటీ అయ్యాక ఫోన్ చేసి, "ఎన్నొచ్చాయి అల్లుడుగారూ?" అని అడిగారు.

ఆ ఆటలో కర్ర పడితే నాలుగు తప్పులు. ఎవరికి తక్కువ తప్పులుంటే వాళ్ళది గెలుపు. ఆ రోజు పడ్డవి రెండు.

"ఎనిమిది మామగారూ. కర్రకి నాలుగు" అన్నాడు అల్లుడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

"మొదటిసారికి ఫరవాలేదు. ఇంకా కష్టపడండి" అన్నారు మామగారు.

అల్లుడు కష్టపడ్డాడు. తర్వాత పన్నెండు, ఆపైన పదహారు. కిందటేడు ఇరవైనాలుగు వచ్చేసరికి మామగారు కళ్ళొత్తుకుని, అల్లుడి చేతికి స్వయంగా గడియారం కట్టారు.

"నాన్నకి నిజం చెప్పేయండి" అని భార్య పోరుతూనే ఉంది.

"చెబుతాను, టైం రావాలిగా" అనేవాడు, కొత్త గడియారం చూసుకుంటూ.

ఆ ఆదివారం మామగారు పొద్దున్నే ఊడిపడ్డారు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, "ఇవాళ నేనూ వస్తున్నా" అన్నారు. "ఆ గళ్ళకోటు రౌతు మన గుర్రాన్ని తనకిమ్మని ఆర్నెల్లుగా వెంటపడుతున్నాడు. ముప్ఫై అయిదు దాటితే గుర్రం మీ దగ్గరే ఉంటుంది. దాటలేదా, సాయంత్రానికి అతని లాయంలో ఉంటుంది. పాసు మార్కు దగ్గర నాకు అల్లుడైనా ఒకటే, ఎవరైనా ఒకటే."

అల్లుడు భార్యని వంటింట్లోకి లాక్కెళ్ళాడు. ఆ గుర్రం పోతే, నలభై దాటి ఒక్క కప్పూ లేని రౌతుకి ఇంకో గుర్రమిచ్చే వెర్రిబాగులవాడు దొరకడు. వేళ్ళమీద లెక్కేసుకున్నాడు. మొత్తం పన్నెండు అడ్డుకర్రలు. తొమ్మిది పడితే ముప్ఫై ఆరు.

"తొమ్మిదా? జనం నవ్వరూ?" అంది భార్య.

"నవ్వితే నవ్వనీ. గుర్రం దక్కుతుంది."

ఆ గుర్రం పేరు కాగితాల మీద ఏదో ఉంది. ఇంట్లో దాన్ని మహాతల్లి అనేవాళ్ళు. మామూలుగా అయితే అతను ప్రతి కర్ర ముందూ పగ్గాలు లాగి, మడమలతో పొడిచి, దానికి ఎలా దూకాలో పాఠం చెబుతూ నానా హైరానా పడేవాడు. ఇవాళ ఆ శ్రమ దేనికి, పడేవి ఎలాగూ పడతాయని పగ్గాలు వదులు చేసి చుట్టపుచూపుకి వచ్చినవాడిలా కూర్చున్నాడు. మహాతల్లి మొదటి కర్ర దాటింది. రెండోది దాటింది. రౌతు కొద్దీ గుర్రం అన్న పెద్దమనిషి దాన్ని చూసి ఉండడు. పన్నెండూ దాటేసింది. ఒక్క కర్రా కదల్లేదు.

మైకులో "సున్నా" అన్నారు. మైదానమంతా చప్పట్లు.

"సున్నానా!" అన్నారు మామగారు కూతురితో. "పైగా చప్పట్లు కొట్టి మరీ వెక్కిరిస్తున్నారు. తల కొట్టేసినట్టుందమ్మా."

సున్నా తెచ్చుకున్నవాళ్ళు ఇద్దరే, అల్లుడూ గళ్ళకోటు రౌతూ. ఆ ఇద్దరికీ మళ్ళీ పోటీ పెట్టారు.

"ఇంకో అవకాశం ఉంది నాన్నా."

"సప్లిమెంటరీనా?"

"అలాంటిదే."

ముందు వెళ్ళిన గళ్ళకోటు రౌతు ఒక కర్ర పడగొట్టాడు. "చూశావా, అతను నాలుగన్నా తెచ్చుకున్నాడు" అని మామగారు నిట్టూర్చారు.

భార్య గేటు దగ్గరికి పరుగెత్తింది. "ఇప్పుడు సున్నా తెస్తే మీరే గెలుస్తారండీ. పద్దెనిమిదేళ్ళకి ఒక్కసారి. నాన్నకి నేను చెప్పుకుంటాను."

అతనికి మనసు పీకింది. ఒక్క కప్పు కోసం ఎన్నేళ్ళు ఏడ్చాడో అతనికే తెలుసు. కానీ కప్పు ఒక్కరోజు ముచ్చట, గుర్రం బతుకుతెరువు. "గడియారం సంగతేం చెబుతావు?" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఈసారి పగ్గాలు పూర్తిగా వదిలేశాడు. కళ్ళు మూసుకున్నాడు. జీను మీద గోనెబస్తాలా కూలబడి, "ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తన్నవే తల్లీ" అని బతిమాలాడు. మహాతల్లి వినలేదు. మూడేళ్ళలో మొదటిసారి తన పని తనని చేసుకోనిచ్చారు కదా, ఆ సంబరంలో జానెడు ఎక్కువే ఎగిరింది.

మళ్ళీ సున్నా. నిర్వాహకుడు వెండికప్పు మోసుకొచ్చి మామగారి చేతిలో పెట్టాడు. "అభినందనలు సార్. రెండుసార్లూ ఒక్క తప్పు లేదు."

"తప్పేమిటి? కర్రకి నాలుగు మార్కులు కదా?"

"కర్రకి నాలుగు తప్పులు సార్."

మామగారి పెదవులు కదిలాయి. ఎనిమిది, పన్నెండు, పదహారు, ఇరవైనాలుగు. మూడేళ్ళుగా 'మీరు' దాటని మనిషి ఒక్కసారిగా 'నువ్వు'లోకి దిగారు. "అంటే ఆరు కర్రలు విరగ్గొట్టుకొచ్చినందుకు నీకు గడియారం కట్టానన్నమాట."

"విరగలేదు మామగారూ, పడ్డాయంతే."

"పోనివ్వండి నాన్నా, ఇవాళ గెలిచారుగా ఈయన" అంది కూతురు.

"ఈయన గెలవలేదమ్మా. నేను చూస్తూనే ఉన్నా. ఈయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, అది గెలిచింది. బంగారంలాంటి విద్యార్థిని మూడేళ్ళు చెడగొట్టాడు."

గళ్ళకోటు రౌతు దగ్గరికొచ్చి, "గుర్రం నాకిస్తానన్నారు" అని గుర్తుచేశాడు.

"గుర్రాన్ని ఎవరికీ ఇవ్వను బాబూ. దానికి మేష్టారునే మారుస్తున్నా. రేపట్నుంచి నువ్వెక్కు."

అల్లుడికి ఏడుపొక్కటే తక్కువ. కొత్త రౌతు పగ్గాలు అందుకుని మహాతల్లిని నడిపించుకుంటూ సాగాడు. మామగారు దాని మెడ నిమురుతూ పక్కనే నడిచారు. కప్పు మరీ బరువుగా ఉండటంతో, దాన్ని కారుదాకా మోసే పని మాత్రం అల్లుడికి అప్పజెప్పారు.