నల్లగా రుద్దిన నాలుగు గదులు

ఆ రోజు పొద్దున్న అతని పథకం చాలా చిన్నది. గ్రంథాలయం గదుల పటం గీసి నోటీసు బోర్డుకు గుచ్చాలి, సాయంత్రం ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద పెద్దసారు సంతకం తీసుకోవాలి, ఇంటికి వెళ్లి అమ్మకు చూపించాలి. ఆరు నెలల గడువు ఆ రోజుతో సరి. ఇంటిల్లిపాదిలోనూ కాలేజీ గడప తొక్కిన మొదటివాడు కనుక తోటి ఉద్యోగులు అతన్ని డిగ్రీ అనే పిలిచేవారు.

"ఇవాళొక్కరోజు ఆ వీడియో గేముల గోల ఆఫీసుకు మోసుకెళ్లకు నాయనా," అంది అమ్మ, చొక్కా కాలరు సరిచేస్తూ.

"వాటికీ ఆఫీసుకీ ఏం సంబంధమమ్మా," అన్నాడు డిగ్రీ. నిజంగానే అలా అనుకున్నాడు.

స్ట్రాటజీ ఆటల మీద అతనికి గట్టి అభిప్రాయాలు ఉండేవి. గంటలో కోట కూల్చేసే ఆటలు తొందర మనుషులవి. వంతులవారీగా, తీరిగ్గా ఎత్తు వేసేదే ఆట. అందులోనూ మ్యాపు మొదట నల్లగా ఉండాలి. మన మనిషి అడుగు వేసినకొద్దీ ఆ నల్లటి మంచు విడి ఒక ఏరో, ఒక కొండో బయటపడాలి. చూడని చోటును చూసినట్టు నటించేవాడే ముందుగా మునుగుతాడని అతని సిద్ధాంతం.

రంగులు వేసేవాళ్ల కోసం పటం గీయమన్నారు పెద్దసారు. డిగ్రీ స్కేలు పెట్టి ఏడు గదులూ గీశాడు. వాటిలో నాలుగింట్లో తను ఇంతవరకూ కాలే పెట్టలేదని అప్పుడు తట్టింది. అబద్ధం గీయడానికి చెయ్యి రాలేదు. ఆ నాలుగింటినీ పెన్సిలుతో నల్లగా రుద్ది, పటాన్ని బోర్డుకు గుచ్చి, కిటికీ ఎండలో దుమ్ము కణాలు చిన్న సైన్యాల్లా కదలడం చూస్తూ కూర్చున్నాడు.

పావుగంటకు బైండింగ్ గది అక్క వచ్చింది. చేతుల నిండా జిగురు, కళ్ల నిండా నిప్పులు.

"నా గదికి నలుపెందుకు కొట్టావు? ఎత్తేస్తున్నారా?"

"లేదక్కా. ఇంకా చూడలేదని..."

"ఓహో, చూసి తేలుస్తావన్నమాట. పద, ఇప్పుడే చూద్దువుగాని."

ఆ గదిలో దారపు ఉండలు, బరువుల కింద బుద్ధిగా పడుకున్న పుస్తకాలు. వెన్ను విరిగిన నిఘంటువొకటి పసిబిడ్డలా గుడ్డలో చుట్టి ఉంది. అక్క ఒక పుటను వెలుతురుకు పట్టి, తను అతికిన చిరుగు ఎక్కడో చెప్పుకోమంది. డిగ్రీకి కనిపించలేదు. కళ్ల ముందు మంచు విడినట్టయింది. తిరిగి వచ్చి, రబ్బరుతో ఆ గది నలుపు చెరిపేశాడు.

అదే కొంప ముంచింది.

"అక్క చూపిస్తే చెరిపావట. ఏం పెట్టిందేంటి?" అన్నాడు పాత పత్రికల గది బాబాయి.

"టీ ఇచ్చింది బాబాయ్, అంతే. అయినా అవి మూసేసే గదులు కాదు. నాకు తెలియని గదులు."

"నీకు తెలియకపోతే నల్లరంగేనా? నిన్నగాక మొన్నొచ్చావు, ఇంత పెత్తనమా? నా దగ్గర టీతో పాటు బిస్కెట్లు కూడా ఉన్నాయి. నడు."

మూడో గది పటాల గది. అక్కడాయన నోట్లో నాలుక లేని మనిషి. ఏమీ అడగలేదు. వచ్చి డిగ్రీ చొక్కా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, బల్లంత సముద్రాన్ని పరిచి పక్కన నిలబడ్డాడు. లేత నీలం, ముదురు నీలం, పేరు లేని దీవులు. ఇద్దరూ అరగంట సేపు ఆ నీళ్ల మీద మాటల్లేకుండా తేలారు.

మధ్యాహ్నానికి పటం మీద ఒక్క నలుపే మిగిలింది. అది పెద్దసారు గదని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు.

"మన ముగ్గురం బతికిపోయాం. ఎసరు పెద్దాయనకే," అంది అక్క.

"కుర్రాడు పైవాళ్లు పంపిన మనిషట. ఆ నెమ్మది చూస్తేనే అనుకున్నా," అన్నాడు బాబాయి. డిగ్రీ నీళ్లు తాగడానికి వెళ్తే లేచి నిలబడ్డాడు కూడా.

నాలుగింటికి పెద్దసారు స్వయంగా డిగ్రీ బల్ల దగ్గరికి వచ్చారు. తల కొత్తగా దువ్వుకున్నారు.

"మీకు తీరికైతే... నా గది కూడా ఓసారి చూస్తారా?"

'మీరు' అనేసరికి డిగ్రీ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. సంతకం పెట్టాల్సిన మనిషే తన ముందు చేతులు కట్టుకుని ఉన్నారు.

లోపల ఒక కిటికీ, ఒక మొక్క, ఆగిపోయిన గడియారం. పెద్దసారు సొరుగులన్నీ తెరిచి చూపించారు. "ఇరవై నాలుగేళ్లుగా ఇక్కడే కూర్చున్నాను. ఏం చేశానా అని పొద్దుట్నుంచీ వెతుక్కుంటున్నాను."

డిగ్రీ ఇక ఆగలేకపోయాడు. ఆట, మంచు, నలుపు, అన్నీ చెప్పేశాడు.

"అంటే నన్ను తీసెయ్యడం లేదు."

"నన్ను మీరు తీసెయ్యకపోతే చాలు సార్."

పెద్దసారు కుర్చీలో కూలబడ్డారు. "ఆ మూడు గదుల్లోకి నేను వెళ్లి పదేళ్లయింది. ఆ పటం నేను గీసినా నల్లగానే ఉండేది," అన్నారు. కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టారు. గొంతు మళ్లీ మామూలైంది. "అయినా నీ పటంలో తప్పుంది. కింది గదులు గీయలేదు."

"కింద గదులున్నాయా సార్?"

"ఉండే ఉంటాయి. మెట్లున్నాయిగా. ఎవరూ దిగలేదు. రేపట్నుంచి అవన్నీ నీవే."

డిగ్రీ కాగితాన్ని ఒక జేబులో భద్రంగా పెట్టుకుని, రెండో జేబులోంచి రబ్బరు తీసి చూసుకున్నాడు. సగమే మిగిలింది.