గాడిద ఎంత మారినా

జులై ఒకటో తారీకు నుంచి ఏ ప్రాణీ తన జాతి హద్దు దాటడానికి వీల్లేదని సెనేటర్ హోయ్ట్ క్రెన్‌షా ప్రకటించాడు.

కౌంటీ కోర్టు మెట్ల మీద, జెండా కింద, క్యాట్‌ఫిష్ వేపుడు ఘుమఘుమల మధ్య ఈ చారిత్రక ఘట్టం జరిగింది. దేవుడు ఆరు రోజుల్లో సృష్టి ముగించి ఏడో రోజు విశ్రాంతి తీసుకోవడం వల్ల దానికి చట్టబద్ధత కల్పించే పని మిగిలిపోయిందనీ, ఆ కాస్త పనీ తాను పూర్తి చేస్తున్నాననీ సెనేటర్ ఎంతో వినయంగా చెప్పాడు.

ఆ వాక్యం డార్లా టిప్టన్‌ది. ఇరవై ఏళ్లుగా సెనేటర్ నోటి నుంచి వచ్చిన ప్రతి మాటా ముందు ఆమె టైపు చేసిందే. ఇప్పుడామె స్తంభం పక్కన నిలబడి, ఆయన పలుకుతుంటే తనూ పెదాలు కదుపుతోంది.

"కుక్క ఎంత మారినా కుక్కే!" అన్నాడు సెనేటర్. చప్పట్లు.

"పిల్లి ఎంత మారినా పిల్లే!" ఈలలు.

ఉపన్యాసం అక్కడితో అయిపోవాలి. కానీ ఈల విన్న నాయకుడు కాగితం దగ్గర ఆగడు.

"గాడిద ఎంత మారినా గాడిదే!"

జనం ఒక్క క్షణం బిత్తరపోయి, మరుక్షణం పొట్టలు పట్టుకున్నారు. సెనేటర్‌ది ఏనుగు పార్టీ. ఎదుటివాళ్లది గాడిద పార్టీ. ఎవరో టోపీ గాల్లోకి విసిరారు. సాయంత్రానికి ఆ మాట టోపీల మీదికెక్కింది. ఆదివారానికి చర్చి బయట బోర్డు మీద, ప్రార్థన వేళల పైన వెలిసింది.

డార్లా ఒక్కతే నవ్వలేదు. ఆమెకు జ్ఞాపకశక్తి ఎక్కువ. రాజకీయాల్లో అదొక జబ్బు.

చట్టమన్నాక హద్దు ఎక్కడో రాయాలి కదా. అందుకొక కమిటీ వేశారు. నిష్పాక్షికంగా ఉండాలని అధ్యక్షుడిగా సెనేటరే కూర్చున్నాడు. కుడివైపు పాస్టర్ రాయిస్ గిలియమ్. బైబిల్లో ప్రళయం నుంచి జంతువుల్ని జతలుగా కాపాడిన నోవహు ఓడకు ఊరి బయట నమూనా కట్టించి, అందులో జంతువుల బొమ్మలకు దొడ్లు ఏర్పాటు చేసిన పుణ్యాత్ముడు. ఎడమవైపు ప్రొఫెసర్ మిల్టన్ యార్‌బ్రో. కాలేజీలో జీవశాస్త్రం చెబుతాడు, ఏ ప్రశ్నకైనా జవాబివ్వడానికి సిద్ధంగా ఉంటాడు. అందుకే ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు.

"హద్దు ఎక్కడుందో సెలవివ్వండి పాస్టరుగారూ," అన్నాడు సెనేటర్.

"జత కట్టి పిల్లల్ని కంటే ఒకటే జాతండీ. తోడేలు, వేటకుక్క, మీ ఆవిడ ఒళ్లో కూర్చునే బుల్లి కుక్క, అన్నీ ఒకటే. ఆ మాత్రం వెసులుబాటు దేవుడిచ్చాడు. అంతకు మించి అంగుళం కదలదు."

ప్రొఫెసర్ గొంతు సవరించుకున్నాడు. "చిన్న చిన్న మార్పులు జరుగుతాయని మీరూ ఒప్పుకుంటున్నారు. అవి పోగవుతూ పోతే, ఆ అంగుళం దగ్గర వాటిని ఆపేదేమిటండీ?"

"గోడ."

"ఏ గోడ?"

"మా ఓడలో ఉందిగా! జాతికీ జాతికీ మధ్య టేకు చెక్కతో కొట్టించాం. శనివారం రండి, టికెట్ లేకుండా చూపిస్తా."

కమిటీ ఈ సాక్ష్యాన్ని నమోదు చేసుకుంది.

అప్పుడు వెనక వరసలోంచి వర్జిల్ ఓడమ్ అనే పత్తి రైతు లేచాడు. "అయ్యా, నా చేలో పిచ్చి తోటకూర పడింది. ఒకప్పుడు మందు డబ్బా మూత తీస్తే చచ్చేది. ఇప్పుడు దాని మీదే పోసినా ఏపుగా పెరుగుతోంది. పత్తి కనబడ్డం లేదు. కాలేజీవాళ్లేమో మొక్క మారిపోయిందంటున్నారు. వ్యవసాయ ఆఫీసు నుంచి కొత్త మందేదో ఇప్పించండి."

"మొక్క మారలేదు ఓడమ్ తమ్ముడూ," అన్నాడు సెనేటర్ ప్రేమగా. "మొండికేసింది."

"మొండికేస్తే మేమేం చెయ్యాలి?"

"అంతకన్నా మొండికెయ్యాలి."

"అది మొండికెయ్యడం కాదండీ," ప్రొఫెసర్ ఆత్రంగా అన్నాడు. "మందుకు చావని మొక్కలు ఏవో నాలుగు ముందే ఉంటాయి. మిగతావి పోతే వాటి సంతానమే చేనంతా..."

"టైమైపోయింది ప్రొఫెసర్."

చట్టం ఇంకా రాకముందే వ్యవసాయ ఆఫీసు దాన్ని భక్తిశ్రద్ధలతో అమలు చేసింది. మారని మొక్కకు కొత్త మందెందుకని వచ్చిన డబ్బాలు వెనక్కి పంపేసింది. పిచ్చి తోటకూరకు మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇంతలో పిడుగు పడింది.

ఏనుగు పార్టీలో ఒక ఆనవాయితీ ఉంది. టికెట్ కోరే మనిషి అసలు సిసలు పార్టీ మనిషి కాదని ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు. కార్యవర్గం విచారిస్తుంది. నిజమేనని తేలితే ఆ పేరు బ్యాలెట్ ఎక్కదు. ఓటరు దాకా పోయే పనే లేదు.

అభ్యంతరం పెట్టినవాడు టేట్ లవ్‌లేడీ. విత్తనాలూ పురుగుమందులూ అమ్మే దుకాణం అతనిది. కుర్రాడు, పలువరస బాగుంటుంది, సెనేటర్ కుర్చీ మీద ఎప్పట్నుంచో కన్నుంది, ఈసారి తనూ టికెట్ కోరాడు. విలేకరుల ముందు ఒక పాత ఫొటో ఎత్తి చూపించాడు. ఇరవై ఏళ్ల కిందటి కంచరగాడిదల పండగ ఊరేగింపు. గడ్డి టోపీ పెట్టుకుని, ముప్ఫై రెండు పళ్లూ బయటపెట్టి, జెజబెల్ అనే గాడిద మీద ఊరేగుతున్న యువకుడు హోయ్ట్ క్రెన్‌షా. అప్పట్లో గాడిద పార్టీకి కౌంటీ అధ్యక్షుడు.

"సెనేటర్‌గారి చట్టాన్ని నేను నూటికి నూరుపాళ్లు సమర్థిస్తున్నాను," అన్నాడు లవ్‌లేడీ చేతులు కట్టుకుని. "ఆయనే సెలవిచ్చారు కదా, గాడిద ఎంత మారినా గాడిదేనని."

విచారణ గురువారమన్నారు.

డార్లాకు ఆ రోజు అన్నం సయించలేదు. సెనేటర్ పడిపోతే ఆమెకు మిగిలేది వదినగారి క్యాట్‌ఫిష్ హోటల్. నవ్వుతున్న చేప బొమ్మ ఉన్న ఆప్రాన్ కట్టుకుని బల్లల మధ్య తిరగాలి. ఇరవై ఏళ్ల కిందట ఆ ఆప్రాన్ వదిన మొహాన కొట్టి వచ్చింది. వదిన దాన్ని పారెయ్యలేదు. ఉతికి, ఇస్త్రీ చేసి, కౌంటర్ వెనక మేకుకు తగిలించి ఉంచింది.

డార్లా ముందు పాస్టర్ దగ్గరికి పరిగెత్తింది.

"పాస్టరుగారూ, నదిలో ముంచి లేపితే మనిషి కొత్త సృష్టి అవుతాడని మీరే అంటారు కదా. మా సెనేటర్‌గారిని కూడా ఓసారి..."

"చిన్నప్పుడు ముంచాంగా తల్లీ."

"మళ్లీ ముంచండి. ఈసారి కాస్త ఎక్కువసేపు."

పాస్టర్ నిట్టూర్చాడు. "మనిషి మారి మనిషైతే నాకేం అభ్యంతరం లేదు. గాడిద మారి ఏనుగైందంటే మాత్రం రేపు నా ఓడలో గోడలన్నీ పీకెయ్యాలి. పైగా మా సండేస్కూలు బస్సు ఆ కుర్రాడు లవ్‌లేడీ కొనిచ్చిందేనాయె."

ఇక మిగిలింది ప్రొఫెసర్. ఆయన దగ్గరికి సెనేటరే స్వయంగా వెళ్లాడు. డార్లా చల్లటి తీపి టీ జగ్గు మోసుకెళ్లింది.

"ప్రొఫెసర్," అన్నాడు సెనేటర్ కుర్చీ దగ్గరికి లాక్కుంటూ, "గాడిద ఏనుగు కావడానికి ఎంతకాలం పడుతుంది?"

"కాదండీ."

"మీరే కదా చేప మనిషయిందన్నారు! మా గాడిదే చేదా?"

"అలా కాదు. గాడిదకూ ఏనుగుకూ ఎప్పుడో ఒకే పూర్వీకుడు ఉండేవాడు. వాడి పిల్లలు చీలిపోయి, కోట్ల ఏళ్లలో..."

"నాకు గురువారం దాకానే టైముంది."

ప్రొఫెసర్‌కు జాలేసింది. ఇరవై ఏళ్లలో ఆయన క్లాసులో ఇంత శ్రద్ధగా ఎవరూ ముందుకు వంగి కూర్చోలేదు. "చూడండి సెనేటర్, మీరంతా చేసే పొరపాటు ఇదే. ఏ జంతువూ తను బతికుండగా ఇంకో జంతువు కాదు. మారేది మంద. మందంతా కొంచెం కొంచెంగా, ఒకవైపుకి జరుగుతుంది. లోపల ఉన్నవాళ్లకి జరుగుతున్నట్టు కూడా తెలీదు. ఫలానా రోజు ఫలానా గాడిద హద్దు దాటిందని వేలు పెట్టి చూపించలేం."

సెనేటర్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"మందంతానా?"

"మందంతా."

"వేలు పెట్టి చూపించలేమా?"

"అసాధ్యం."

"డార్లమ్మా," అన్నాడు సెనేటర్ లేస్తూ, "ఆ ఫొటో పెద్దది చేయించు. తలుపంత."

గురువారం హోటల్ విందుహాల్లో కార్యవర్గం కొలువుతీరింది. అధ్యక్షుడు బ్రదర్ వెర్నన్ టాకెట్ సుత్తితో బల్ల మీద కొట్టి, సత్యాన్వేషణ మొదలైందని ప్రకటించాడు. లవ్‌లేడీ తన చిన్న ఫొటో చూపించి, చట్టంలోంచి మూడు వాక్యాలు చదివి, మర్యాదగా కూర్చున్నాడు. కార్యవర్గం తల పంకించింది. డార్లాకు ముక్కుపుటాల్లో వేపుడు నూనె వాసన తగిలినట్టయింది.

సెనేటర్ తన తలుపంత ఫొటో మీద ముసుగు లాగాడు.

పెద్దది చేసేసరికి అందులో జనం బయటపడ్డారు.

"గాడిద మీద ఉన్నది నేనే," అన్నాడు సెనేటర్ గంభీరంగా. "ఒప్పుకుంటున్నాను. పగ్గం పట్టుకుని ముందు నడుస్తున్న ఈ మీసాలాయన ఎవరో, బ్రదర్ వెర్నన్, మీరేమైనా గుర్తుపడతారా?"

బ్రదర్ వెర్నన్ మీసం ఇప్పుడు లేదు. లేని మీసాన్నే తడుముకున్నాడు.

"తోక దగ్గర డోలు కొడుతున్నది కోశాధికారి గారు. గాడిదకు క్యారెట్ పెడుతున్న ఈ పుణ్యవతి మహిళా విభాగం అధ్యక్షురాలు. జెండా పట్టుకున్నది..."

"చాలు చాలు," అంది మహిళా విభాగం.

"నేను మారలేదు సోదరులారా. ఏ ఒక్కరూ మారలేదు. మందంతా కలిసి ఒకవైపుకి జరిగాం. ఇది సైన్సు." సెనేటర్ వెనక్కి చెయ్యి చూపించాడు. వెనక కుర్చీలో ప్రొఫెసర్ కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. తన పాఠం ఒక్కరికైనా అర్థమైందని ఆయనకు కళ్లు చెమర్చాయి.

కార్యవర్గం పక్కగదిలోకి వెళ్లి, కాఫీ చల్లారకముందే తిరిగొచ్చింది. క్రెన్‌షా అసలు సిసలు పార్టీ మనిషేనని ఏకగ్రీవంగా తేల్చింది. తర్వాత బ్రదర్ వెర్నన్ లవ్‌లేడీ వైపు తిరిగాడు.

"అబ్బాయ్, మందంతా జరిగినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"నేనా? రెండో తరగతిలో ఉన్నానండీ. మా తాతల కాలం నుంచీ మేం ఏనుగు పార్టీయేనండీ!"

"అంటే మాతో కలిసి జరగలేదన్నమాట."

"నేను మొదట్నుంచీ ఇక్కడే ఉంటే ఎక్కడికి జరగనండీ?"

"అదే మేమూ అంటున్నాం. ఈ మందకూ నీకూ సంబంధం కనిపించడం లేదు." సుత్తి పడింది. లవ్‌లేడీ పేరు బ్యాలెట్ లోంచి పోయింది.

ఆ శనివారమే పాస్టర్ ఓడలో గాడిదకూ ఏనుగుకూ మధ్య గోడ ఊడదీయించాడు. రెంటికీ నాలుగు కాళ్లూ ఒక తోకా ఉన్నాయి కాబట్టి అవి ఒకటే జాతి అని చట్టానికి సవరణ వచ్చింది. సవరించిన చట్టం సభలో ఏకగ్రీవంగా నెగ్గింది. దాని కింద మొదటి చర్యగా, మంద మారుతుందని చెప్పే పాఠాన్ని కాలేజీలో నిలిపేశారు. ప్రొఫెసర్‌కు ఆ కబురు సెనేటర్ స్వయంగా ఫోన్ చేసి, కృతజ్ఞతలతో సహా అందజేశాడు.

పిచ్చి తోటకూర మనిషెత్తు దాటింది.

కంచరగాడిదల పండగ వచ్చింది. కోర్టు మెట్ల మీద సెనేటర్‌కు ప్రత్యేక వేదిక వేశారు. డార్లా కొత్త గౌను వేసుకుని పక్కన నిలబడింది. వీధి మలుపులో డోళ్లు వినిపించాయి. ముందు పదిమంది వచ్చారు. వాళ్ల వెనక వందమంది. ఆ వెనక తలలు తప్ప నేల కనబడలేదు. రైతులు పిచ్చి తోటకూర మొక్కల్ని వేళ్లతో సహా పీకి జెండాల్లా ఎత్తి పట్టుకున్నారు. మధ్యలో గడ్డి టోపీ పెట్టుకుని గాడిద మీద టేట్ లవ్‌లేడీ. గాడిద పార్టీ తాజా అభ్యర్థి.

పగ్గం పట్టుకున్నవాడు వర్జిల్ ఓడమ్. గాడిద అతనిదే. జెజబెల్. మూతి కాస్త నెరిసింది. అదే నడక, అవే చెవులు.

డార్లా వేదిక మీద కుర్చీల వైపు చూసింది. బ్రదర్ వెర్నన్ కుర్చీ, కోశాధికారి కుర్చీ ఖాళీగా ఉన్నాయి. ఊరేగింపులో తోక దగ్గర డోలు కొడుతున్న మనిషి వీపు ఆమెకు బాగా తెలిసిన వీపే. మహిళా విభాగం అధ్యక్షురాలు మెట్లు దిగుతూ సంచిలో క్యారెట్ కోసం వెతుక్కుంటోంది.

సెనేటర్ ఆ తలల్ని లెక్కపెట్టుకున్నాడు. తర్వాత మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి డార్లా చెవి దగ్గరికి వంగాడు.

"డార్లమ్మా, ఓడమ్ తమ్ముణ్ణి సాయంత్రం టీకి పిలువు."

"ఎందుకండీ?"

"ఆ గాడిద ఇద్దర్ని మోస్తుందేమో కనుక్కోవాలి."