ఇంటిపేరు అడగరాని గది

“అమెరికాలోని తెలుగు జాతి ఈ రోజు ఒక చారిత్రక ప్రశ్న ముందు నిలబడి ఉంది” అని మా అధ్యక్షులు వీరభద్రం గారు మైకులో ప్రకటించగానే ఆడిటోరియంలో సగంమంది లేచి నిలబడ్డారు. బిర్యానీ లైన్ కదిలిందని వాళ్ళకి వెనక నుంచి కబురు వచ్చింది. అయినా చూడ్డానికి నిండుగా ఉంది. ఫోటోగ్రాఫర్ సరిగ్గా ఆ క్షణాన్నే పట్టుకున్నాడు.

అది మిషిగన్‌లోని నోవైలో మా గ్రేట్ లేక్స్ తెలుగు మహా సమాఖ్య వారి దీపావళి. దీపావళి వెళ్ళి నాలుగు వారాలైంది గానీ, హాలు దొరికిన రోజే మాకు పండగ. సమాఖ్యలో ‘మహా’ ఎందుకంటే, గ్రేట్ లేక్స్ తెలుగు సమాఖ్య అని ఇంకొకటి ఉంది. అందులో వీరభద్రం గారికి అధ్యక్ష పదవి రాలేదు.

ఇంతకీ ఆ చారిత్రక ప్రశ్న ఏమిటంటే, మా సమాఖ్య నడుపుతున్న పాతకాలపు టెక్స్ట్ చాట్ రూమ్ ఈ కాలానికి పనికొస్తుందా, రాదా?

“దీని మీద ఒక హై లెవెల్ కమిటీ వేస్తున్నాను. ఇరవై ఏడుగురు సభ్యులు. నాలుగు వారాలు గడువు. నిష్పాక్షికంగా పరిశీలించి, ఆ రూమ్ ఎందుకు మూసేయాలో రిపోర్ట్ ఇస్తారు” అన్నారు అధ్యక్షులు.

చప్పట్లు మోగాయి. ఇరవై ఏడుగురిలో నేనూ ఒకణ్ణి. సమాఖ్యకున్న తొమ్మిదిమంది జాయింట్ సెక్రటరీలలో ఎనిమిదోవాణ్ణి. వృత్తి కార్ల బ్రేకులు పరీక్షించడం, ప్రవృత్తి సంఘసేవ. వచ్చే ఏడు ఇన్విటేషన్ మీద నా పేరు వైస్ ప్రెసిడెంట్‌గా వేయిస్తామని అధ్యక్షులు మాటిచ్చి ఉన్నారు. అందుకని కొంచెం గట్టిగానే చప్పట్లు కొట్టాను.

ఆ గది సంగతి తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. పాతికేళ్ళ కిందట బ్రహ్మయ్య గారనే ఆయన సమాఖ్య తరఫున దాన్ని మొదలుపెట్టారు. ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో, ఫర్నేస్ పక్కన, బట్టల డ్రయ్యర్ అంత పాత కంప్యూటర్ ఒకటుంది. గది అందులో ఉంటుంది. లోపలికి వెళితే నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే. బొమ్మల్లేవు, గొంతుల్లేవు, లైక్ కొట్టే బొటనవేళ్ళు అసలే లేవు. ఎవరికి నచ్చిన మారుపేరు వాళ్ళు పెట్టుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైప్ చేస్తారు. బయటికొస్తే మాట్లాడిందంతా మాయమైపోతుంది.

గదికి నిబంధనలు మూడు. ఒకసారికి ఒక్క ప్రశ్నే అడగాలి. గుడ్ మార్నింగులు, ఫార్వర్డులు పెట్టకూడదు. ఎవరినీ ఇంటిపేరు అడగకూడదు. మూడోది బ్రహ్మయ్య గారు బాగా ఆలోచించి పెట్టారు. మనవాళ్ళు ఏ ఊరు అని మొదలుపెడితే ఇంటిపేరు దాకా వెళ్ళడానికి నాలుగే ప్రశ్నలు, ఆ తర్వాత అడగాల్సింది ఇంకేమీ ఉండదు. అందుకని ఇంటిపేరు అన్న మాట కనబడగానే ఆ యంత్రం అడిగినవాణ్ణి పది నిమిషాలు బయటికి పంపేస్తుంది.

మా దీపావళి సభకి వారం ముందు అధ్యక్షులు మొదటిసారి ఆ గదిలోకి అడుగుపెట్టారు. పూజిత అనే స్టూడెంట్ అప్పుడు ఏదో అడుగుతోంది. అధ్యక్షులు ఆప్యాయంగా, “అమ్మా, మీ ఇంటిపేరేంటి?” అని టైప్ చేశారు. పదకొండేళ్ళుగా ఏ స్టేజి మీంచీ ఎవరూ దించని మనిషిని యంత్రం పది నిమిషాలు బయట నిలబెట్టింది. ఆ పది నిమిషాల్లోనే ఆయనకి జాతి భవిష్యత్తు గురించి ఆలోచన వచ్చింది.

పూజిత గురించి కూడా చెప్పాలి. ఆ అమ్మాయి మెకానికల్‌లో మాస్టర్స్ పూర్తి చేసింది. చదువయ్యాక ఉద్యోగం లేకుండా ఇక్కడ తొంభై రోజులు ఉండనిస్తారు. తొంభై దాటితే పెట్టె సర్దుకోవాలి. కమిటీ వేసిన రోజుకి ఆమెకి యాభై అయ్యాయి. ఇంటర్వ్యూలో నోరు విప్పగానే మాటలు తడబడతాయి. అందుకని రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి గదిలోకి వచ్చేది. ‘పాతబండి’ అనే మారుపేరుతో ఎవరో ఒకాయన అరగంట పాటు ఇంటర్వ్యూ ప్రశ్నలు అడిగేవాడు. “పొడవాటి దిగుడు రోడ్డు మీద బ్రేకులు వేడెక్కితే పట్టు ఎందుకు తగ్గుతుంది?” అని అడిగి, ఆమె మూడుసార్లు తప్పు చెప్పినా విసుక్కోకుండా నాలుగోసారి అడిగేవాడు. ఆయన ఎవరో ఆమెకి తెలియదు. ఆమె ఫోను నంబరు ఆయనకీ తెలియదు. గది పద్ధతే అంత.

కమిటీ తొలి సమావేశం వీడియో కాల్‌లో జరిగింది. మొదటి నలభై నిమిషాలు “వినపడుతోందా?” అన్న అంశం మీద లోతైన చర్చ నడిచింది. తర్వాత ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసింది. ఐ.టి. కమిటీ చైర్ అవినాష్ తెర పంచుకోబోయి తన ఉద్యోగ దరఖాస్తులు పంచుకున్నాడు. ఆఖరికి కల్చరల్ సెక్రటరీ వసంతలక్ష్మి గారు, “అందరం ఆ రూమ్‌లోకే వెళదామండీ, ఎలాగూ ఇన్‌స్పెక్ట్ చేయాలిగా” అన్నారు. వెళ్ళాం. పదకొండు నిమిషాల్లో అజెండా మొత్తం అయిపోయింది. ఇలాంటి గదిలో ఏ పనీ జరగదని ఏకగ్రీవంగా తీర్మానించాం.

తనిఖీలో మొదటి రోజు పద్నాలుగుమంది సభ్యుల్ని యంత్రం బయటికి పంపింది. రెండో రోజు వాళ్ళే మారుపేర్లతో తిరిగి వచ్చారు. మూడో రోజు నుంచి తనిఖీ చాలా నిశితంగా సాగింది. పగలు సాగింది, ఆఫీసు మీటింగుల్లో సాగింది, పిల్లల్ని కూచిపూడి క్లాసులో దింపి పార్కింగ్ లాట్‌లో కూర్చుని కూడా సాగింది. “పద్దెనిమిదేళ్ళుగా మిషిగన్‌లో ఉన్నాను, స్నోలో డ్రైవ్ చేయడం రాదు, ఇప్పుడు నేర్చుకోవచ్చా?” అని ఒకావిడ అడిగారు. “మా వాడు మెడిసిన్ చదువుతున్నాడని అందరికీ చెప్పాను. వాడు బేకరీలో పనిచేస్తున్నాడు, సంతోషంగా కూడా ఉన్నాడు. నేనేం చేయాలి?” అని ఇంకొకాయన అడిగారు. “ముందు వాడు చేసిన కేక్ తినండి అంకుల్” అని పూజిత జవాబిచ్చింది. ఆయన దగ్గర్నుంచి “థాంక్స్ అమ్మా” అని వచ్చింది. ఈ అడిగినవాళ్ళెవరో నాకు తెలియదు. తెలిసినా నిబంధనల ప్రకారం చెప్పను.

ఈలోగా గదికి బదులుగా రాబోయే యాప్ సిద్ధమవుతోంది. పేరు ‘మన తెలుగు కనెక్ట్ ప్రో మాక్స్’. తెరవగానే అధ్యక్షుల ఫోటో కనిపిస్తుంది.

“ఫోటో రెండు సెకన్లు చాలు సార్” అన్నాడు అవినాష్.

“నేను చేసిన సేవ రెండు సెకన్లలో కనబడుతుందా?”

“పోనీ ఐదు.”

“పది పెట్టు. మధ్యలో స్కిప్ చేసే బటన్ తీసెయ్.”

“యూజర్ డీటెయిల్స్ ఏం అడగాలి సార్?”

“పూర్తి పేరు, ఇంటిపేరు, సొంతూరు, వీసా స్టేటస్. అన్నీ మాండేటరీ.”

“ప్రైవేట్ మెసేజ్?”

“మనవాళ్ళ మధ్య దాపరికాలేంటయ్యా? అందరూ అందరికీ కనబడేట్టే మాట్లాడాలి.”

ఇంత పారదర్శకమైన నాయకుణ్ణి నేను చూడలేదు.

పూజిత లెక్కలో డెబ్భై ఎనిమిదో రోజు, అంటే శనివారం మధ్యాహ్నం, ఆఖరి సమావేశం పెట్టారు. బయట మంచు మోకాలి లోతు ఉన్నా హాలు నిండింది. చీఫ్ గెస్ట్ చికాగో నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చారు. వెనక వరసలో పూజిత కూర్చుంది. సోమవారం ఆమెకి ఒక బ్రేకుల కంపెనీలో ఇంటర్వ్యూ ఉంది. ఆదివారం పన్నెండింటికి పాతబండి చివరిసారిగా మొత్తం అడుగుతానన్నాడు. గది ఒక్క రోజు ఆగుతుందా లేదా అన్నదే ఆమె ఆదుర్దా.

రిపోర్ట్ అరవై నాలుగు పేజీలు. యాభై ఎనిమిది పేజీల్లో కమిటీ ఫోటోలు ఉన్నాయి. మిగతా ఆరు పేజీల్లో ఈ గదిని ఈ రోజుల్లో ఎవరూ వాడటం లేదని సోదాహరణంగా నిరూపించాం. అంతేకాదు, వాడుతున్న ఆ కొద్దిమందీ పేరు దాచుకుని తిరిగే సంఘ వ్యతిరేకులని అధ్యక్షులు స్వహస్తాలతో ఒక వాక్యం చేర్చారు.

“గది మూసేయాలన్నవాళ్ళు చేతులెత్తండి.”

ఇరవై ఏడు చేతులు లేచాయి. నాది మూడోది.

బ్రహ్మయ్య గారు లేచారు. కరీంనగర్ మనిషి, గొంతు పెంచడం తెలియదు. “సార్, గది సమాఖ్యదే. మూసెయ్యమంటే మూసేస్త. కానీ అండ్ల ఉన్నోళ్ళు సుత మెంబర్లే గదా. ఒక్కమాట వాళ్ళని గూడ అడుగుదాం.”

“అడగండి, అడగండి. ప్రజాస్వామ్యం” అని నవ్వారు అధ్యక్షులు. “ఎంతమంది ఉంటారు, పది మంది!”

బ్రహ్మయ్య గారు లాప్‌టాప్‌ను పెద్ద తెరకి కలిపి, నెమ్మదిగా ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైప్ చేశారు. ‘ఈ గది ఉండాలా, వద్దా?’

తలలన్నీ ఒక్కసారిగా కిందికి వంగాయి. ప్రార్థన మొదలైందనుకుని చీఫ్ గెస్ట్ కూడా కళ్ళు మూసుకున్నారు. తెర మీద ‘ఉండాలి’ అని వచ్చింది. దాని కింద మళ్ళీ ‘ఉండాలి’. తర్వాత గబగబా వరసగా పడ్డాయి. ఒకటి ‘ప్లీజ్ ఉండాలి’ అని కూడా ఉంది. ముప్పై ఏడు లెక్కపెట్టాను. కాసేపు ఆగి, తటపటాయించినట్టుగా ముప్పై ఎనిమిదోది వచ్చింది. అందరూ తలలెత్తారు. స్టేజి మీద వీరభద్రం గారు ఫోను లాల్చీ జేబులో పెట్టుకుంటున్నారు.

ఉండాలన్నవాళ్ళు ముప్పై ఎనిమిది, వద్దన్నవాళ్ళు సున్నా.

అధ్యక్షులు గొంతు సవరించుకున్నారు. “ఈ ముప్పై ఎనిమిదిమంది ఎవరు? ఎవరైనా ఇక్కడుంటే లేచి, పేరు చెప్పి మాట్లాడాలి. పేరు లేని ఓటు ఓటు కాదు.”

ఎవరూ లేవలేదు. వసంతలక్ష్మి గారు చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు. అవినాష్ ప్రొజెక్టర్ వైరు వంక చూశాడు. నేను పైకప్పు చూశాను. అక్కడ నలభై రెండు లైట్లున్నాయి.

వెనక నుంచి కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. పూజిత లేచి నిలబడింది. “నేను ఒకదాన్ని అంకుల్.” “నా... నా ఇంటర్వ్యూ మండే ఉంది. ఆ రూమ్‌లో రోజూ నాతో ప్రాక్టీస్ చేయిస్తున్నారు. టూ డేస్ ఆగండి అంకుల్, ప్లీజ్. తర్వాత మూసేయండి.”

“మంచిదమ్మా. మీ ఇంటిపేరేంటి?”

హాల్లో పది నిమిషాలు బయటికి పంపే యంత్రం లేదు. ఆ అమ్మాయి చెప్పింది. అధ్యక్షులు ముందు కొంచెం ఆలోచించి, తర్వాత తల ఊపారు. “సరే, వద్దనే ఓట్లు ఇరవై ఏడు, ఉండాలనేది ఒకటి. కానీ చీఫ్ గెస్ట్ గారు ఇవాళే వచ్చారు. యాప్ ముహూర్తం మార్చలేం కదమ్మా!”

బ్రహ్మయ్య గారికి శాలువా కప్పారు. పాతికేళ్ళ సేవకి గుర్తుగా ఒక జ్ఞాపిక ఇచ్చారు. అందులో అధ్యక్షుల ఫోటో ఉంది. తర్వాత చీఫ్ గెస్ట్ చేత లాప్‌టాప్‌లో ఒక మీట నొక్కించారు. తెర నల్లబడింది. అంతకుముందూ నల్లగానే ఉండేది గనక తేడా తెలియక రెండోసారి నొక్కించి ఫోటో తీశారు.

మరునాడు ఉదయానికల్లా యాప్‌లో ఆరువందల మంది చేరారు. గులాబీలు, దీపాలు, అధ్యక్షులకి అభినందనలు వరసగా వచ్చాయి. పన్నెండు గంటలకి వాటి మధ్య పూజిత మెసేజ్ ఒకటి కనిపించింది. పూర్తి పేరు, ఇంటిపేరు, సొంతూరు, వీసా స్టేటస్, వాటి కింద విషయం.

‘పాతబండి గారూ, మీరు ఇక్కడ ఉన్నారా? రేపే ఇంటర్వ్యూ. ఒక్క అరగంట ప్రశ్నలు అడుగుతారా? నాకు భయంగా ఉంది.’

ఎప్పటిలాగే లంచ్ బాక్స్ ఒళ్ళో పెట్టుకుని, హీటర్ వేసుకుని కార్లో కూర్చున్నాను. ఆదివారం ఆఫీసు లేకపోయినా అలవాటు కొద్దీ కార్లోకే వచ్చాను. ఏం అడగాలో పద్దెనిమిది ప్రశ్నలు కాగితం మీద రాసి పెట్టుకున్నాను. జవాబు టైప్ చేయడానికి పెట్టె తెరిస్తే, పైన నా పేరు, ఇంటిపేరు, నా ఫోటో, జాయింట్ సెక్రటరీ అన్న హోదా కనిపించాయి. అధ్యక్షులు ఆన్‌లైన్‌లోనే ఉన్నారు. సిగ్గేసింది.

ఆ అమ్మాయి ప్రశ్న కింద సాయంత్రానికి నూట పన్నెండు నమస్కారం బొమ్మలు చేరాయి. మొదటిది నేనే పెట్టాను.