పిల్లి చెవుల అమ్మాయిలు, మా ఇంటి కరువాడు

మా ఇంట్లో పిల్లి అడుగు పెట్టకూడదని మా ఆవిడ హన్నమ్మ శాసనం చేసి పదకొండేళ్లయింది. దానికి కారణం నేనే. ఆ సంగతి ఆమెకు తెలియదనుకుని ఇన్నాళ్లూ హాయిగా బతికాను.

అప్పట్లో డాక్టరు నాకు బీపీ ఉందని ఉప్పు మానెయ్యమన్నాడు. ఉప్పు మానడమంటే కరువాడు మానడమే. ఎండుచేపలో చేప కొంచెం, మిగతాదంతా ఉప్పే కదా! ఆ ఆదివారమే హన్నమ్మ తన కోసం వేయించి మూతపెట్టుకున్న కరువాడులో నాలుగు ముక్కలు మాయమయ్యాయి.

"ఎవురు తినింది?" అని గద్దించింది.

"పిల్లి" అన్నాను, మీసంలో ముల్లు పెట్టుకుని.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆ పిల్లి వస్తూనే ఉంది. మూత తీసి, తిని, మళ్లీ మూతపెట్టి పోయే మర్యాదస్తురాలైన పిల్లి.

ఈ వేసవిలో నిజం పిల్లే దొరికింది. మూసేసిన గని షాఫ్టు వైపు నడకకు వెళ్తే, గుప్పెడంత కూన ఒకటి నా చెప్పు మీద కూర్చుని లేవనంది. ముప్పై ఏళ్లు గనిలోకి దిగినవాణ్ణి, దేనికీ జంకలేదు. దాన్ని లేపడానికి మాత్రం చేతులు రాలేదు. తెచ్చి, పెరట్లో కట్టెల కొట్టంలో, నా పాత గని హెల్మెట్లో పడుకోబెట్టాను.

ఇక హన్నమ్మ మనసు కరిగించాలి. ఉపాయం మనవరాలు ప్రిన్సీ దగ్గర దొరికింది. వాళ్ల అమ్మానాన్నలు పొద్దున రైలుకు బెంగళూరు పనికి పోతారు, సెలవుల్లో అమ్మాయి మా దగ్గరే ఉంటుంది. టీవీలో ఒక జపాన్ బొమ్మల సీరియల్ చూస్తుంది. అందులో ముగ్గురు అమ్మాయిలు. తలమీద పిల్లి చెవులు, వెనక తోక, మెడలో గంట. జుట్టు ఒకరిది నీలం, ఒకరిది గులాబీ, ఒకరిది ఎండుగడ్డి రంగు. కలిసి టీ అంగడి నడుపుతారు.

"ఇది మీ అవ్వకు చూపియ్యమ్మా. కూన పేరు నువ్వే పెట్టుకో" అని ఒప్పందం చేసుకున్నాను.

మర్నాటి నుంచి మధ్యాహ్నం మూడింటికి ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. మొదటి రోజు కథ: వాన వచ్చింది, బట్టలు తీశారు, టీ తాగారు. రెండో రోజు: కేకు మాడింది, మళ్లీ చేశారు, టీ తాగారు. మూడో రోజు నీలంజుట్టు నిద్రపోయింది. మిగిలిన ఇద్దరూ అది నిద్రపోవడం చూశారు.

"ఇంగ విలన్ యాడమ్మా?"

"లేడు తాతా."

"పోనీ, ఒక చెడ్డ అత్త?"

"ఎవరూ లేరు. ఇది సుమ్నే, ఊరికే హాయిగా చూసేది."

"వీళ్ల మనుషుల చెవులు ఏమైనాయి? జుట్టు కింద ఉండాయా? మొత్తం నాలుగా?"

"తాతా, అది అడగకూడదు!"

హన్నమ్మ మాత్రం చాటలో బియ్యం ఏరడం మరిచిపోయి చూస్తోంది.

"ఏం హన్నమ్మా, ఏమీ జరగలేదు కదా, ఏం చూస్తా ఉండావు?"

"జరగలేదు కాబట్టే చూస్తా ఉండా. నువ్వు గనిలో ఉండంగా ప్రమాదమని సైరన్ కూస్తే, పొయ్యి మింద టీ అట్లే వదిలేసి షాఫ్టు కాడికి ఎన్నిసార్లు పరిగెత్తినానో నీకేం తెలుసు? ముప్పై ఏండ్లు నా టీ పొంగిపొయ్యిందే గానీ తాగింది లేదు. ఈ బిడ్డల టీ చూడు, ఒక్కనాడన్నా పొంగిందా?"

నేనక్కడితో ఊరుకుని ఉండాల్సింది. నోరు ఊరుకోలేదు. కొంప ముంచింది.

"చూసినావా, పిల్లులెంత మంచివో! మనమూ ఒకటి పెట్టుకుందామా?"

"ఆ పిల్లులు గిన్నెలు తోముతాయి, నేల తుడుస్తాయి, ఇంటికి వచ్చినోళ్లకి వంగి దండం పెడతాయి. నీ పిల్లి చేస్తాదా?"

"అది చెయ్యకుంటే దాని బదులు నేను చేస్తా!"

ప్రిన్సీ తల పట్టుకుంది. హన్నమ్మ "సరే" అని లేచి టీ పెట్టడానికి పోయింది.

నేను కొట్టానికి పరిగెత్తాను. హెల్మెట్ ఉంది, కూన లేదు! చేతులకు అడ్డమని హెల్మెట్ నెత్తిన పెట్టుకుని, మోకాళ్ల మీద కట్టెల కిందకి దూరి, "మ్యావ్, మ్యావ్" అని పిలిచాను. కట్టెలు దబదబా నా మీద కూలాయి.

"ఆర్థరన్న ఇల్లు కూలిపాయె!" అని పక్కింటి కదిరప్ప గోడ దూకి వచ్చాడు. ఆయనకు గొంతు పెద్దది, మేము వెనక ఆయన్ని మైకప్ప అంటాం. క్షణంలో మా గనివాళ్ల లైను ఇళ్లన్నీ మా పెరట్లోనే ఉన్నాయి. అందరూ చూస్తుండగా దుమ్ములోంచి నాలుగు కాళ్ల మీద బయటికొచ్చాను, అలవాటులో పడి ఇంకోసారి "మ్యావ్" అన్నాను.

హన్నమ్మ పరిగెత్తుకొచ్చింది. నన్ను పైనుంచి కిందికి తడిమి చూసింది. దెబ్బల్లేవని తేలాక గానీ నోరు తెరవలేదు.

"ఇంగోసారి నా టీ పొంగించినావు గదయ్యా!"

ఆమె చంకలో కూన పాలమూతితో నన్నే చూస్తోంది.

"ఇది నీ దగ్గర...?"

"నాలుగు దినాలుగా పాలు పోస్తా ఉండా. నువ్వు పెట్టే బన్ను తిని బతుకుతాదా? కరువాడు కూడా పెట్టి చూసినా, వాసన చూసి తుమ్మి పొయ్యింది. మరి పదకొండేండ్లుగా తినిన పిల్లి ఏదయ్యా?"

లైను మొత్తం నా వైపు తిరిగింది.

"నీకు... ఎప్పుడు తెలిసింది?"

"మొదటి దినమే. మీసంలో ముల్లు! పిల్లి ఇంట్లోకి రాకూడదంటే నీకు సిగ్గొస్తాదనుకున్నా, నువ్వు మానలేదు. అందుకే ఆదివారం ఆదివారం నానబెట్టి ఉప్పంతా కడిగి, నీకని నాలుగు ముక్కలు ఎక్కువే వేయిస్తా ఉండా. రుచి తగ్గిందని అనిపించలేదా?"

"ఈ కాలం చేపలే అంత అనుకున్నా" అన్నాను.

ప్రిన్సీ కూనకు సైరన్ అని పేరు పెట్టింది. ఇప్పుడు మా ఇంట్లో సైరన్ కూస్తే హన్నమ్మ పరిగెత్తదు, పాలు పోస్తుంది. మాట ప్రకారం గిన్నెలూ నేలా నావి. వచ్చినవాళ్లకు వంగి దండం కూడా పెడుతున్నాను. కదిరప్ప రోజుకు మూడుసార్లు వస్తున్నాడు.

సీరియల్లోలాగా కూనకు కట్టాలని ప్రిన్సీ ఒక గంట తెచ్చింది. "దీనికెందుకే, ఇది దొంగ కాదు" అని హన్నమ్మ దాన్ని నా చొక్కా గుండీకి కట్టింది.

మొన్న ఆదివారం టీవీలో గులాబీజుట్టు టీ కాస్తోంది. హన్నమ్మ కప్పు పట్టుకుని అందులో మునిగిపోయి ఉంది. గంట గుప్పిట్లో పట్టుకుని, మెల్లగా వంటింట్లోకి పోయాను. మూత తీయడానికి రెండు చేతులూ కావాలి కదా. ఘల్లుమంది.

టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే హన్నమ్మ అంది:

"నాలుగే! మూత పెట్టి రా."