ఎడిల్మా తలకు టిటీ రంగు

ఆ శనివారం పొద్దున నిల్సన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం ఆ కొండ సొంతదారు ఒబ్దూలియోగారింటికి వెళ్ళి, కొండమీది అడవిని పశువుల మేతకోసం నరికించవద్దని బతిమాలుకోవాలి. అది పోతే ఉడుతంత టిటీ కోతులకు చుట్టుపక్కల మరో నీడ లేదు. గొడ్డళ్ళవాళ్ళు సోమవారం వస్తున్నారు.

అదే పొద్దున ఒబ్దూలియో భార్య ఎడిల్మా, చుట్టాలింట పెళ్ళికని జుట్టుకు నల్లరంగు వేయించుకోవడానికి నిల్సన్ భార్య యాదిరా నడిపే క్షౌరశాలకు వచ్చింది. ఎప్పటిలాగే కరెంటు లేదు, కిటికీ లేని గది చీకటిగా ఉంది. అడవిలో కోతుల లెక్క చూసే నిల్సన్, దూరంనుంచి గుర్తుపట్టడానికి వాటికి రంగు పూస్తుంటాడు. నిన్న ఒక మగ టిటీ తెల్లజుట్టుకు పూయగా మిగిలిన రంగు ఉన్న గిన్నె ఆ చీకట్లో యాదిరా చేతికి దొరికింది. కాసేపటికి ఎడిల్మా తల చిలకపచ్చగా నిగనిగలాడింది.

"నిమ్మకాయ రుద్దితే పోతుందమ్మగారూ," అంది యాదిరా. రుద్దితే ఇంకా మెరుపెక్కింది. తువ్వాలు చుట్టి పంపిస్తే, దారిలో చూసినవాళ్ళు ఏదో జబ్బనుకుని కోడిపులుసు పట్టుకొచ్చారు. ఆ కబురు పొలానికి చేరేసరికి ఎడిల్మా చావుబతుకుల్లో ఉందని అయింది. ఒబ్దూలియో ఏడుస్తూ గుర్రంమీద వచ్చి, తువ్వాలు లాగి చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వకుండా ఉండాల్సింది.

ఎడిల్మా నిల్సన్‌ని పిలిపించింది. "ఈ రంగు ఇంకెవడికి పూశావురా? పద, చూపించు."

నిల్సన్ దారి చూపిస్తూ కొండెక్కాడు. వెనక ఎడిల్మా, ఆమె వెనక ఇంకా నవ్వుతూ ఒబ్దూలియో. కొమ్మమీద పచ్చతల టిటీ, వీపున ఇద్దరు కవలలు. పక్కన ఆడది తీరిగ్గా పండు తింటోంది.

"మోస్తున్నది తల్లి కదూ?"

"కాదమ్మగారూ, తండ్రి. పాలకు మాత్రం తల్లికిస్తాడు, మిగతా మోతంతా వీడిదే."

అంత చిన్న ప్రాణి, అంత బరువుతో కొమ్మమీంచి కొమ్మకు దూకి, పిల్లలు జారలేదని చూసుకుని మళ్ళీ దూకాడు. ఎంత ముద్దొచ్చాడో అంత గౌరవమూ కలిగింది ఎడిల్మాకు.

"ఆరుగుర్ని కన్నానయ్యా," అంది మొగుడితో. "ఒక్కణ్ణయినా ఎత్తుకున్నావా?"

"పశువులతోనే సరిపోయేది కదే."

"ఆ పశువులకోసమే కదూ వీడి ఇల్లు నరికిస్తున్నావు? ఊరు మొత్తంమీద ఇలాంటి తల నాకూ వీడికీ తప్ప ఇంకెవరికీ లేదు. వీడి జోలికెళ్తే నా జోలికొచ్చినట్టే."

ఒబ్దూలియో నవ్వడం ఆపాడు. రెండు పచ్చతలలనూ మార్చి మార్చి చూసి, గొడ్డళ్ళవాళ్ళను రావద్దని అక్కడినుంచే ఫోను చేశాడు. నిల్సన్ పొద్దున్నుంచీ వల్లించుకున్న మాటల్లో ఒక్కటీ వాడే పని పడలేదు.

మర్నాడు ఒబ్దూలియో మనవరాలిని వీపున మోసుకుంటూ చర్చికి వెళ్ళాడు. ఆ పిల్లకు పదకొండేళ్ళు.